వ్యాధి పూర్వరూపము – కథకుని బాధ్యత

వ్యాధిని గుర్తించుటకు ఆయుర్వేద శాస్త్రము ఐదు సాధనములను చెప్పినది: నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి. నిదానము కారణము. రూపము వ్యాధి బయటపడిన పిదప కనిపించు లక్షణ సముదాయము. ఈ రెండింటి నడుమ నున్న పూర్వరూపము చిత్రమైన దశ. వ్యాధి శరీరమున చోటు చేసికొన్నది. కాని ఇంకను తన పేరు చెప్పలేదు. నోటికి ఒక అరుచి, ప్రక్కలో ఒక బరువు, ఒక చిరుదగ్గు, కారణము తెలియని విసుగు – ఇంతమాత్రమే. చికిత్సకు తగిన ఆరు క్రియాకాలములను వివరించిన సుశ్రుతుడు, నాల్గవదైన స్థానసంశ్రయ దశయందు ఈ పూర్వరూపము పొడసూపునని చెప్పెను. ఎంత ముందుగ పట్టుకొన్న అంత సుసాధ్యమని ఆ విభాగమునకు తాత్పర్యము.

వైద్యునకు ఈ దశ ఎంత ముఖ్యమో కథకునకు అంతకంటె ముఖ్యము. వ్యాధి ముదిరిన పిదప రోగి చేయగలిగిన పని తక్కువ. పడక, మందు, పరిచర్య, కడపటి మాట – కథ దానంతట అదియే నడచిపోవును. పూర్వరూప దశలో మాత్రము మనిషి స్వతంత్రుడు. వైద్యుని కడకు పోవచ్చును, పోకపోవచ్చును. ఇంటిలో చెప్పవచ్చును, దాచవచ్చును. స్వేచ్ఛ యున్న చోటనే పాత్ర యుండును. ఐనను పెక్కు కథలు ఈ దశను ఒక్క వాక్యముతో దాటివేసి, రుమాలుపై నెత్తురు కనిపించిన తావున వ్యాధిని ప్రారంభించును. నాయకుడు ఆరోగ్యమును నిర్లక్ష్యము చేసెనని ఆ ఒక్క వాక్యము చెప్పును. నిర్లక్ష్యమనగా ఏమియు చేయకుండుట అని దాని భావము. ఉత్తమ కథకులు దీనికి విరుద్ధమైన దానిని చూపిరి. నిర్లక్ష్యము ఏమియు చేయకుండుట కాదు. అది దినదినమును చేయవలసిన ఒక పని. రోగి దానిని ఒంటరిగ చేయడు. ఇల్లు తోడ్పడును, ఉద్యోగము తోడ్పడును, ఒక్కొక్కప్పుడు వైద్యుడే తోడ్పడును. వీరందరికంటె ముందుగ తోడ్పడునది భాష.

తెలుగు ఇండ్లలో వినవచ్చు మాటలనే చూడవచ్చును. ఒంటిలో నలతగ నున్నది, వేడి చేసినది, అరగలేదు, దిష్టి తగిలినది, గ్యాసు పట్టినది. వీనిలో ప్రతిదియు ఒక చిన్న పేరు. చిన్న పేరు పెట్టుటతో చిన్న చికిత్స సిద్ధమగును – మజ్జిగ, వాము, ఉప్పు దిగదుడుపు, ఒక రాత్రి నిద్ర. పెద్ద వ్యాధికి నిజమైన పేరు పెట్టుటకు జాతి మొత్తము జంకినది. మశూచిని అమ్మవారన్నది, పామును పురుగన్నది, కాన్సరును రాచపుండన్నది. భయము గౌరవవాచకమైనది. గుండెపోటుతో రొమ్ము పట్టివేసినప్పుడు అది గ్యాసే యని సోడా త్రాగి పరుండినవారిని ఎరుగని ఊరు లేదు. గుండెకు నెత్తురు చేర్చు నాళము పూడిన పిదప కండరము నిమిషనిమిషమునకు నశించును. మెదడు నాళము పూడినప్పుడు గడ్డను కరగించు మందును సాధారణముగ మొదటి 4.5 గంటలలోపలనే ఈయవలెను. ఇట్టిచోట ఒక మాట మనిషిని ఇంటిలో ఒక పూట నిలిపివేయగలదు. మాటయే పనిముట్టుగ గలవాడు రచయిత. కాబట్టి ఈ విషయము వైద్యునిది మాత్రమే కాదు, రచయితది కూడ.

ఈ దృష్టితో చదువదగిన మొదటి గ్రంథము టాల్‌స్టాయి 1886లో ప్రకటించిన ‘ఇవాన్ ఇల్యీచ్ మరణము’. ఇవాన్ ఇల్యీచ్ న్యాయాధికారి. క్రొత్త ఇంటికి తెరలు ఎట్లు కట్టవలెనో పనివానికి చూపబోయి, నిచ్చెనపై కాలు జారి, ప్రక్కకు దెబ్బ తగిలించుకొనును. అది తగ్గిపోయినదనియే అనుకొనును. కొంతకాలమునకు నోటిలో వింత రుచి, ఎడమ ప్రక్క ఏదో అసౌకర్యము. వీనిని రోగమని ఎవరును అనరు. ఈ అసౌకర్యము మొట్టమొదట భోజనపు బల్లకడ కోపముగ బయటపడును. వంటకము బాగుండలేదు, కొడుకు మోచేయి బల్లపై పెట్టినాడు, కూతురి జుట్టు సరిగ లేదు. శరీరము చెప్పినదానిని మనసు వేరొక భాషలోనికి మార్చుకొన్నది. భర్త స్వభావము చెడిపోయినదని భార్య భావించును. రోగలక్షణమును గుణదోషముగ చదువుట ఎంత సహజమో టాల్‌స్టాయి ఇక్కడ చూపినంత స్పష్టముగ చూపినవారు అరుదు. వ్యాధి ఇంటిలో నున్నది. అందరును దానితోనే కలహించుచున్నారు. దాని పేరు మాత్రము ఎవరికిని తెలియదు.

ఈ కథయొక్క నిర్మాణము గమనింపదగినది. టాల్‌స్టాయి మరణవార్తతోనే కథను ప్రారంభించును. సహోద్యోగులు ఆ వార్త విని, ఎవరికి ఏ బదిలీ, ఎవరికి ఏ హోదా వచ్చునో లెక్క వేసికొందురు. పిమ్మటనే కథ వెనుకకు పోవును. ఏమి జరుగునో అను కుతూహలమును రచయిత మొదటి పుటలలోనే ఖర్చు పెట్టివేసినాడు. కావున నిచ్చెన ఘట్టము వచ్చునప్పటికి పాఠకునకు సర్వము తెలియును, నాయకునకు ఏమియు తెలియదు. చివర పిడుగువలె పడు రోగముగల కథలో పాఠకుడు తుదియందు జాలిపడును. ఇక్కడ అతడు మొదటినుండియు సాక్షి. ప్రక్కలోని ఆ చిన్న నొప్పిని తాను కూడ చిన్నదిగ చూడజాలడు. జాప్యమును చిత్రింపదలచిన కథకునకు ఈ క్రమము గొప్ప పాఠము.

ఇవాన్ ఇల్యీచ్ తుదకు పేరుపడిన వైద్యుని కడకు పోవును. వైద్యుడు అతని ప్రశ్నకు సమాధానము చెప్పడు. జారిన మూత్రపిండమా, దీర్ఘకాలపు ప్రేగువాపా, ఉండుకమా అను వివాదమే వైద్యునకు ముఖ్యము. ఇది ప్రమాదమా కాదా అను ప్రశ్న రోగిది. దానికి ఆ గదిలో చోటు లేదు. తాను న్యాయస్థానమున ముద్దాయిల యెదుట చూపు ముఖమునే వైద్యుడు తనకు చూపుచున్నాడని అతడు గుర్తించును. ఆ కాలపు వైద్యము అతనిని బ్రతికింపగలిగెడిది కాకపోవచ్చును. కాబట్టి ఈ కథలో జాప్యమునకు వెల ప్రాణము కాదు, సత్యము. అందరును అతడు కొంచెము జబ్బుపడినాడనియే నటింతురు. సేవకుడైన గెరాసిమ్ ఒక్కడు నటింపడు. మనుష్యులందరు మర్త్యులు, కాయస్ మనుష్యుడు, కావున కాయస్ మర్త్యుడు అను తర్కశాస్త్రపు పాఠము ఇవాన్ ఇల్యీచ్‌కు చిన్ననాటినుండి తెలియును. అది కాయస్‌కు వర్తించును గాని తనకు వర్తించునని తోచలేదు.

చరకుడు దీనికి ఒక పేరు పెట్టినాడు: ప్రజ్ఞాపరాధము. ధీ, ధృతి, స్మృతి యను మూడును భ్రష్టమైనప్పుడు మనిషి చేయు అహితకర్మ అది. ధీ అనగా ఉన్నదానిని ఉన్నట్లు గ్రహించు బుద్ధి. ధృతి అనగా మనసును నిలిపి పట్టు శక్తి. స్మృతి అనగా తెలిసిన సత్యము వేళకు జ్ఞప్తికి వచ్చుట. ఇవాన్ ఇల్యీచ్‌యందు చెడినది ధీ. అతడు శరీరముయొక్క మాటను తప్పుగ చదివినాడు. కాని చదువరాని వానికి మాత్రమే ఈ అపరాధము కలుగునా? చదువుకొన్నవానికి, అందును వైద్యునకే కలిగిన ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము చెహోవ్.

చెహోవ్ 1889లో ప్రకటించిన ‘విసుగు కథ’ యందు నాయకుడు నికొలాయ్ స్తెపానొవిచ్ అరువదిరెండేండ్ల వైద్యాచార్యుడు. ముప్పది సంవత్సరములు విద్యార్థులకు పాఠము చెప్పినాడు. ఆరు నెలలకు మించి తాను బ్రతుకనని అతనికి తెలియును. ఐనను సహాధ్యాపకులలో ఎవరిచేతను పరీక్ష చేయించుకొనడు. తన మూత్రమును తానే పరీక్షించి, కనిపించిన మాంసకృత్తు, చక్కెర విషయమున తానే పొరపడినానేమో యని ఆశించును. వైద్యగ్రంథములు తిరుగవేయుచు దినమునకొక మందు మార్చును. పెంపుడు బిడ్డవంటి కాత్యా వచ్చి, తన సొమ్ము తీసికొని ఎక్కడికైన పోయి చికిత్స చేయించుకొమ్మని బ్రతిమాలును, అతడు నిరాకరించును. శాస్త్రము లేదా? ఉన్నది. బుద్ధి లేదా? ఉన్నది. ఇతరులకు ముప్పది ఏండ్లు చెప్పినది తన వంతు వచ్చునప్పటికి తనకు చెప్పుకొనలేడు. ఇది స్మృతిభ్రంశము. జ్ఞానమే ఇక్కడ దాగుకొను చోటైనది. అజ్ఞాని చిన్న పేరు చాటున దాగును. విద్వాంసుడు పెద్ద గ్రంథము చాటున దాగును.

ఈ కథ వ్రాసినవాడు వైద్యుడు, అంతేగాక రోగి. చెహోవ్ 1884లో మాస్కో విశ్వవిద్యాలయమునుండి వైద్యపట్టము పొందెను. ఆ సంవత్సరము డిసెంబరులో, ఒక వ్యాజ్యపు విచారణను పత్రికకు వ్రాయుచుండగ, నోటివెంట నెత్తురు పడినది. క్షయకు మూలమైన సూక్ష్మజీవిని కోఖ్ 1882లోనే లోకమునకు ప్రకటించి యుండెను. చెహోవ్ ఆనాడు వైద్యవిద్యార్థి. 1888లో మిత్రుడు సువోరిన్‌కు వ్రాసిన లేఖలో, అది క్షయారంభమే యైనచో తాను ఎప్పుడో పరలోకమున నుండవలసినవాడనని అతడు వాదించినాడు. ఇంకను బ్రతికియుండుటయే రోగము లేదనుటకు సాక్ష్యమైనది! 1889లో అన్న నికొలాయ్ క్షయతోనే మరణించెను. 1890లో చెహోవ్ సైబీరియా దాటి సఖాలీన్ ద్వీపమునకు పోయెను. 1892 తరువాత మెలిహొవో గ్రామమున రైతులకు వైద్యము చేసెను, కలరాతో పోరాడెను. 1897 మార్చిలో మాస్కోలో సువోరిన్‌తో భోజనమునకు కూర్చుండగ నెత్తురు ధారగ పడినది. అప్పుడే అతనిని వైద్యశాలకు చేర్చి క్షయయని నిర్ధారణ చేసిరి. మొదటి లక్షణమునకును నిర్ధారణకును నడుమ పన్నెండేండ్లు దాటినవి. ఆ వైద్యశాలకు టాల్‌స్టాయి వచ్చి అమరత్వమును గూర్చి సంభాషించినాడు. 1904లో జర్మనీలోని బాదెన్‌వైలర్‌లో, నలువది నాల్గేండ్ల వయసున, చెహోవ్ మరణించెను.

ఈ జీవితమును చూచి కథను తక్కువ చేయుట గాని, కథను చూచి జీవితమును నిందించుట గాని తగదు. ఆనాడు క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. గ్రహింపవలసినది వేరు. ‘విసుగు కథ’ రచయిత తన నాయకునిపై తీర్పు చెప్పడు; ఆ ఆచార్యుని నోటనే కథ చెప్పించినాడు. నిర్లక్ష్యము బయటినుండి చూచినవారికి మౌఢ్యము. లోపలినుండి చూచినవారికి అది ఒక తర్కము. ప్రతి మెట్టునకును కారణమున్నది, ప్రతి కారణమును సబబుగనే కనిపించును. ఆ తర్కమును లోపలినుండి చూపగలుగుట సాహిత్యము చేయగల పని, చికిత్సాగ్రంథము చేయలేనిది.

మిగిలినది ధృతి. దీనికి ఉదాహరణమును తెలుగు పాఠకులు ఎంతో కాలముగ తమవానిగ చేసికొన్నారు. శరచ్చంద్రుని ‘దేవదాసు’ 1917లో పుస్తకముగ వెలువడెను. దేవదాసునకు కాలేయపు నొప్పి వచ్చును, జ్వరము వచ్చును. మద్యము మానవలెనని వైద్యుడు స్పష్టముగనే చెప్పును. చంద్రముఖి సేవ చేసి లేవదీయును, సేవకుడు ధర్మదాసు వెంట నుండును. తెలియనిది ఏదియు లేదు, సహాయమునకును కొరత లేదు. నిలిపి పట్టు శక్తి లేదు. ఈ మేరకు చిత్రణ సత్యము. ఐనను చివర రచయిత పాఠకుని కన్నీరు వేడును. పాండువా స్టేషనులో దిగి, హాథీపోతా వరకు ఎద్దుబండిలో సాగిన ఆ ప్రయాణము పాఠకుని గుండెను పట్టుకొనును. అంతకు ముందటి సంవత్సరములు, ప్రతి సీసాకడను జరిగిన చిన్న నిర్ణయములు, ఆ కన్నీటిలో కరగిపోవును. వ్యాధి ప్రేమకు రుజువైనది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున 1953లో వచ్చిన తెలుగు చలనచిత్రము ఈ కరుణను ఇంటింటికి చేర్చినది. అటుపిమ్మట దగ్గు, శాలువ, సీసా విరహమునకు గుర్తులై ఎన్ని కథలలో, ఎన్ని తెరలపై తిరిగినవో లెక్క లేదు. గుర్తుగ మారిన దగ్గును వైద్యునకు చూపవలెనని ఎవరికిని తోచదు.

శరత్తును తెలుగువారికి చేర్చిన అనువాదకులలో ప్రముఖుడైన చక్రపాణి జీవితము ఈ సందర్భమున స్మరణీయము. యౌవనమున క్షయ సోకగ ఆయన మదనపల్లె శానిటోరియమున చికిత్స పొందెను. బెంగాలీ భాష నేర్చినది ఆ చికిత్సా కాలముననే. ప్రేమరోగియై క్షీణించు నాయకుల కథలు తెలుగునకు వచ్చుటకు వేళకు వైద్యము పొంది కోలుకొన్న ఒక రోగి కారణమగుట విశేషము. ఆ కథలకు ఎందరో అనుకర్తలు పుట్టిరి. శానిటోరియమునకు పోయి, నెలల తరబడి ఓపికతో పడకపై నుండి, పొరుగు భాష నేర్చుకొని తిరిగివచ్చిన మనిషి మాత్రము కథానాయకుడు కాలేదు. మరణించువానికి దక్కిన వైభవము కోలుకొన్నవానికి దక్కలేదు. సాహిత్యమునకు ఇది లోటు.

ఇంతవరకు చెప్పినది రోగియొక్క అపరాధము. కాని అపరాధము ఎల్లప్పుడును రోగిదియేనా? ప్రజ్ఞాపరాధమను సూత్రమునకు ఇక్కడ ఒక హద్దు కనిపించును. రవీంద్రుడు 1914లో వ్రాసిన ‘హైమంతి’ కథను దీనికి చూపవచ్చును. హైమంతి పదునేడేండ్ల వయసున అత్తవారింటికి వచ్చినది. తండ్రి ధనవంతుడని తలచినన్నాళ్లు ఆదరించిన ఇల్లు, కాదని తెలిసిన పిదప కఠినమైనది. ఆమె దినదినమును వాడిపోవును. తండ్రి వచ్చి, వైద్యుని చూపి, గాలిమార్పు అవసరమని చెప్పించును. మామగారు ఆ మాటను పరిహసించును. రుసుము చెల్లించిన ఎట్టి అభిప్రాయమునైన వైద్యులనుండి పొందవచ్చునని కొట్టివేయును. భర్త, చదువుకొన్నవాడు, భార్యను ప్రేమించువాడు, ఏమియు చేయడు. కథ చెప్పువాడు అతడే. లక్షణము కనిపించినది, వైద్యుడు చెప్పినాడు, చికిత్స ఏదో తెలిసినది. గుమ్మము దాటించువారు లేరు.

ఇక్కడ హైమంతి ధీ చెడలేదు, ధృతి చెడలేదు, స్మృతి చెడలేదు. చెడినది ఇల్లు. తెలుగు దేశమున ఎందరు స్త్రీలు నొప్పిని వంట ముగిసినదాక, పెండ్లి ముగిసినదాక, పరీక్షలు ముగిసినదాక వాయిదా వేసికొనిరో వారి ఇండ్లకే తెలియును. ఆ వాయిదాను ఓర్పు అని మెచ్చుకొన్నది సమాజము. ఆ ఓర్పును గుణముగ కీర్తించినది సాహిత్యము. తల్లి తన నొప్పిని దాచి బిడ్డలకు వడ్డించు ఘట్టమును కథకులు ఎన్నిమార్లు ఆర్ద్రముగ వ్రాసిరో! ఆ ఆర్ద్రత నిజమే. ఆ పంక్తిలో కూర్చుండి తినుచున్నవారు ఏమి చూచినారు, ఏమి చూడలేదు అను ప్రశ్న మాత్రము అరుదుగ వ్రాయబడినది. రవీంద్రుడు కథను భర్త నోట పెట్టుటలోని ధర్మమిది. దాచినదానిని కాదు, చూచియు చూడనివానిని అతడు సాక్షిపీఠమున నిలిపినాడు.

వైద్యుని వైపునుండి ఈ సమస్యను చూపిన భారతీయ నవల తారాశంకర్ బంద్యోపాధ్యాయుని ‘ఆరోగ్యనికేతన్’. 1953లో వెలువడిన ఈ నవల 1956లో సాహిత్య అకాడెమీ పురస్కారము పొందినది. జీవన్ మశాయ్ నాడి చూచి మరణమును ముందుగ చెప్పగల గ్రామవైద్యుడు. బెంగాలీ పల్లెలలో అట్లు మరణకాలమును చెప్పుటకు నిదానమనియే వాడుక. శాస్త్రమున కారణమను అర్థముగల మాట పల్లె వాడుకలో మరణశిక్షగ మారినది. క్రొత్త వైద్యుడు ప్రద్యోత్ దీనిపై మండిపడును. ఆశను చంపు మాట రోగిని కూడ చంపునని అతని వాదము. జీవన్ మశాయ్ పోవునని చెప్పిన మతి తల్లిని ప్రద్యోత్ చికిత్స చేసి నిలబెట్టును. మరియొక వైపు దంతు ఘోషాల్ వంటి రోగియందు, మితములేని తిండి యాశయే మృత్యుద్వారమని చెప్పిన ముదుసలి మాట నిజమగును. తారాశంకర్ ఎవరినిని పూర్తిగ ఓడింపడు. ఆ సమత నవలకు ప్రతిష్ఠ తెచ్చినది.

ఐనను ఈ నవలలో ఇంకొక సత్యము దాగియున్నది. వైద్యుని నోటినుండి తీర్పు వచ్చునను భయముగల చోట ఎవరు వేళకు వైద్యుని కడకు పోవుదురు? జీవన్ మశాయ్ కన్నకొడుకు నాడిలోనే మృత్యువును గుర్తించినాడు. ఆ మాట ఇంటిలో మానని గాయమైనది. పేరు తెలిసిన పిదప తప్పించుకొను దారి లేదను భయము, రోగిని ఆ పేరునుండియే తప్పించుకొనునట్లు చేయును. ఇవాన్ ఇల్యీచ్ వైద్యుడు పేరు చెప్పక రోగిని వంచించెను. ఈ వైద్యుడు పేరుతోబాటు తీర్పు చెప్పి భయపెట్టెను. రెండు దారులును ఆలస్యమునకే చేర్చును. చివర తన నాడిని తానే చూచుకొనుచు మృత్యువు రాకను గుర్తింపగోరు ముదుసలి చిత్రము గంభీరమైనది. మరణమును ఎరుగుట జీవన్ మశాయ్ విద్య, మరణమును వాయిదా వేయుట ప్రద్యోత్ విద్య. నేటి పాఠకునకు రెండును కావలెను, కాని రెండవది వేళకు కావలెను.

ఇట్టి విచారణకు ఒక ఆక్షేపము రాగలదు. సాహిత్యము ఆరోగ్యశాఖవారి కరపత్రము కాదు; రెండు వారములు దాటిన దగ్గునకు కఫపరీక్ష చేయించుకొనుమని చెప్పుట జాతీయ క్షయ నివారణ కార్యక్రమము పని, నవలాకారుని పని కాదు. ఈ ఆక్షేపము న్యాయమైనదే. ఉపదేశము కోసము వ్రాసిన కథలో రోగి మనిషిగ నుండడు, ఉదాహరణముగ నుండును. కాని ఉపదేశము చేయకుండుట వేరు, అపకారము చేయకుండుట వేరు. అమెరికా రచయిత్రి సూసన్ సోంటాగ్, తాను కాన్సరు చికిత్స పొందిన పిమ్మట, 1978లో వ్యాధి ఉపమానములపై ఒక గ్రంథము వెలువరించెను. క్షయను సుకుమారహృదయుల రోగముగ, కాన్సరును అణచుకొన్న కోర్కెల రోగముగ వర్ణించిన సాహిత్యము రోగులకు సిగ్గును భయమును అంటగట్టినదని ఆమె వాదము. అట్టి ఉపమానములు రోగులను వేళకు చికిత్సకు పోనీయవని 1989 నాటి అనుబంధ గ్రంథమున ఆమె స్పష్టముగ చెప్పెను. అలంకారమునకు కూడ ఫలితమున్నదని దీని సారము.

ఉపమానములను పూర్తిగ విడువవలెనని ఆమె కోరిక. అది తెలుగు రచయితకు సాధ్యము కాదు, అక్కరయు లేదు. రాచపుండు అను మాటలోనే ఉపమానమున్నది. నలత యను మాటలో ఒక జాతి మర్యాద, ఇతరులకు భారము కారాదను తలపు ఉన్నవి. ఈ మాటలను కథలనుండి తుడిచివేసి వైద్యపరిభాష నింపిన, పోవునది సత్యమే. చేయవలసినది ఆ మాట ఏ పని చేయుచున్నదో చూపుట. అమ్మకు నలతగ నున్నదని కథలో ఒక పాత్ర అన్నప్పుడు, ఆ మాట ఎవరిని ఓదార్చుచున్నది, ఎవరికి సెలవు ఇచ్చుచున్నది, ఎవరిని లేవకుండ కూర్చుండబెట్టుచున్నది – ఇది కథకుడు ఎరిగి వ్రాయవలెను. టాల్‌స్టాయి భోజనపు బల్లకడ చూపినది, చెహోవ్ ఆచార్యుని స్వగతమున చూపినది, రవీంద్రుడు భర్త మౌనమున చూపినది ఇదియే. వీరిలో ఎవరును పాఠకునకు హెచ్చరిక చేయలేదు. చదివినవాడు మాత్రము తన ఇంటిలో ఆ మాట మరల వినబడినప్పుడు దానిని మునుపటివలె వినలేడు.

కథలో వ్యాధి వచ్చినప్పుడు దానిని తూచుటకు ఒక ప్రమాణమును ఈ గ్రంథములు ఇచ్చుచున్నవి. రోగి ఎట్లు మరణించెనని కాదు, మొదటి లక్షణమునకును మొదటి వైద్యునకును నడుమ ఎన్ని దినములు గడచినవి, ఆ దినములను ఎవరెవరు ఎట్లు నింపిరి అని విమర్శకుడు అడుగవలెను. ఆ దినములు కథలో లేకున్న ఆ మరణము రచయిత అవసరమునకు వచ్చినది. ఉన్నచో అది పాత్రకు వచ్చినది. శాస్త్రము పూర్వరూపమును సాధ్యదశలలో చేర్చినది. ఇంకను మార్పు సాధ్యమైన కాలము అది. కథకుడు తన వాక్యములను ఎక్కువగ ఆ కాలమునకే కేటాయించుట న్యాయము.